డోలు వచ్చింది, మాట రాలేదు

శనివారం నాడు వాడపల్లి వెళ్ళినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏడు వారాల మొక్కు మొక్కుకున్న జనం తెల్లవారకముందే వెంకన్న గుడి చుట్టూ నిండిపోతారు. లోపల గోవింద నామం. బయట ఆటోల్లో, పూతరేకుల కొట్ల దగ్గర, బొమ్మల దుకాణాల ముందు సినిమా పాటలు. 2025 సంక్రాంతి నుంచి ఆ పాటల్లో పైచేయి ‘గోదారి గట్టు మీద రామ సిలకవే’దే. పాటలో ఉన్న గోదారి, గుడి పక్కనే పారుతున్న గౌతమి ఒకటే కాబట్టి, ఇక్కడివాళ్ళు దాన్ని తమ పాటే అనుకుంటున్నారు. అనుకోవడంలో తప్పేమీ లేదు.

మేము కోయ, కొండరెడ్డి, లంబాడా, ఎరుకల ఇళ్ళ నుంచి వచ్చి తెలుగులో రాసుకుంటున్న కొద్దిమందిమి. మాలో కొందరిది పాపికొండలకు ఎగువ, కొందరిది దిగువ. ఈ సంకలనానికి కొత్త పాటల మీద ఒక వ్యాసం కావాలనుకున్నప్పుడు వాడపల్లిలోనే కూర్చుని విందామని నిర్ణయించుకున్నాం. కారణం తేలికైనదే. ఎగువ నీళ్ళూ దిగువ నీళ్ళూ ఇక్కడ కలిసే ఉంటాయి. పాటలు కూడా అలా కలిసి ఉన్నాయా, లేక ఎగువ నుంచి చప్పుడు మాత్రమే కొట్టుకొచ్చి మాట అక్కడే ఆగిపోయిందా? మేము తేల్చుకోవాలనుకున్నది ఇదే.

ముందు ఆ పాట సంగతే చూద్దాం. ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమాకు భీమ్స్ సిసిరోలియో కట్టిన బాణీ, భాస్కరభట్ల రాసిన మాటలు. పాడినవాళ్ళు రమణ గోగుల, మధుప్రియ. ఈ జోడీ దగ్గరే మా ఆసక్తి మొదలైంది. రమణ గోగుల మన పాటల్లోకి రాక్ గిటారుతో వచ్చిన మనిషి. 1996లో ‘ఆయ్ లైలా’ అనే పాప్ ఆల్బమ్‌తో మొదలుపెట్టి, 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమాల్లోకి వచ్చి, ‘తమ్ముడు’, ‘బద్రి’లతో ఆనాటి కుర్రకారు చెవులు మార్చేశారు. మధుప్రియ చిన్నప్పుడే పల్లెపాటతో పేరు తెచ్చుకున్న పిల్ల. ఆయన గొంతు ముక్కులోంచి, కాస్త బద్ధకంగా వస్తుంది. ఈమె గొంతు పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టు వస్తుంది. పాటలో మొగుడు బతిమాలతాడు, పెళ్ళాం జవాబు చెబుతుంది. ఆలుమగలు మాటకు మాట అంటించుకునే ఈ పద్ధతి ఊడ్పుల్లోనూ, కోతల్లోనూ, మా పెళ్ళి పందిళ్ళలోనూ ఎప్పటి నుంచో ఉన్నదే. స్వరం పెద్దగా ఎక్కదు, దిగదు. అందుకే పాట రానివాడి నోట కూడా పట్టుబడుతుంది. పాట నిజంగా బాగుంది. ముఖ్యంగా రమణ గోగుల చాలా ఏళ్ళ విరామం తర్వాత వచ్చి, తన గొంతును పడుచుదిగా చూపించాలని తాపత్రయపడకుండా పాడడం మాకు నచ్చింది.

అయితే ఆ పాటలో గోదారి ఎక్కడ ఉంది? గట్టు ఉంది, సిలక ఉంది, నీళ్ళు లేవు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం వైపు మా ఊళ్ళు మునిగాయి. ఆ నీళ్ళే దిగువకొచ్చి కోనసీమ లంకల్లో జనాన్ని పడవలెక్కించాయి. పోలవరం కట్ట వల్ల దేవీపట్నం మండలంలో గట్టు మీది ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. సంక్రాంతి నవ్వుల సినిమాలో ఈ సంగతులన్నీ పెట్టమని అడిగేంత అమాయకులం కాము. మేమంటున్నది, ‘గోదారి గట్టు’ అనే మాట తెలుగు పాటలో వాడీ వాడీ అరిగిపోయి, అట్టపెట్టె మీది బొమ్మలా మిగిలిందని. బొమ్మ అందంగానే ఉంది. దాని వెనక ఊరు లేదు.

ఇలా బొమ్మగా వాడుకోవడం ఈ పాటతో మొదలవలేదు. రాక్ గిటారు తెలుగులోకి వచ్చిన రోజుల్లోనే జానపదం కూడా పక్కన చేరింది. 1999లో ‘తమ్ముడు’లో ఒక పక్క పూర్తిగా ఇంగ్లీషులో సాగే రాక్ పాట ఉంది, మరో పక్క హీరో సరదాగా పాడిన పల్లెపాట ముక్కలు ఉన్నాయి. 2001లో ‘ఖుషి’లో ఉత్తరాంధ్ర పాట ‘బై బయ్యే బంగారు రమణమ్మ’ కూడా అలాగే, హీరో నోట ఆటవిడుపుగా వచ్చింది. మాలో అప్పటికి హాస్టళ్ళలో చదువుకుంటున్న వాళ్ళకు అది పెద్ద సంబరం. మనం సిగ్గుపడి దాచుకున్న పాటని హీరో పాడాడు కదా! ఆ సంబరాన్ని ఇవాళ మేము కొట్టిపారేయం. కానీ ఆ కాలపు ఏర్పాటు ఒకటి గమనించాలి. రాక్ పాటకు పూర్తి నిడివి, వాద్యబృందం, చిత్రీకరణ. పల్లెపాటకు ఒక నిమిషమో రెండు నిమిషాలో, అదీ నవ్వు కోసం. పాతికేళ్ళ తర్వాత నిడివి పెరిగింది, ఖర్చు పెరిగింది, ఇప్పుడు పల్లెపాటే సినిమాను అమ్ముతోంది. ఏర్పాటు మాత్రం ఎంతవరకు మారిందో పాట పాటకీ విడిగా చూడాల్సిందే.

భీమ్స్ విషయమే తీసుకుంటే, 2023లో వచ్చిన ‘బలగం’కు సంగీతం ఆయనదే. ఆ సినిమా చివర బుడగజంగం కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట గుర్తుందా? పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూసి ఏడ్చిన పాట అది. అక్కడ సంగీత దర్శకుడు చేసిన గొప్ప పని, తన చేతులు కట్టుకుని కూర్చోవడం. వాళ్ళ తంబుర, వాళ్ళ గుమ్మెట, చావు ఇంట వాళ్ళు కథ చెప్పే నడక. మధ్యలో ఊపిరి తీసుకునే చోటు కూడా అలాగే ఉంచేశాడు. కంప్యూటర్ తాళం తెచ్చి కింద పరచలేదు. ఇదే మనిషి ‘గోదారి గట్టు’కు వచ్చేసరికి జానపదాన్ని పోపులా వాడాడు. రెండూ విజయాలే. కానీ వందేళ్ళ తర్వాత ఒక మనవడు తన తాతల కాలంలో చావు పాట ఎలా ఉండేదో వినాలనుకుంటే, వాడికి పనికొచ్చేది మొదటిదే.

మేము కొత్త పాటను తూచే రాయి ఇదే: పాత గొంతు కొత్త పాటలో ఎంతసేపు నిలబడింది, నిలబడ్డంతసేపు అది తన నడకతో, తన మాటతో నిలబడిందా లేదా.

ఆ రాయితో తూచదగ్గ పాట ‘భీమ్లా నాయక్’. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఒకే కథకు రెండు రాష్ట్రాల్లో రెండు రకాల పాటలు పుట్టాయి. 2020లో మలయాళంలో ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ వచ్చింది. సంగీతం జేక్స్ బిజోయ్. ఆ సినిమాలో అట్టపాడి కొండల ఇరుళ ఆదివాసీ నంజియమ్మ పాడిన పాట ఉంది. పాట ఆమెదే, మాటలు ఆమెవే, భాష ఇరుళ. మేకలు కాసుకునే మనిషి, ఎక్కడా సంగీతం నేర్చుకోలేదు. 2022 జూలైలో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయని అవార్డు ఆమెకే వచ్చింది. శ్రుతి పెట్టుకుని పాడలేని మనిషికి అవార్డేమిటని అక్కడి సంగీతకారుడొకరు అభ్యంతరం చెబితే, ఇంకెందరో సంగీతకారులు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ గొడవ మాకు చాలా విలువైనదిగా తోచింది. శ్రుతి ఎవరిది, దాన్ని ఎక్కడ నుంచి కొలవాలి అన్న ప్రశ్నను ఒక ఇరుళ ముసలమ్మ దేశం ముందు పెట్టింది కదా.

అదే సినిమాను తెలుగులో చేసినప్పుడు హీరో పేరు భీమ్లా నాయక్. మా లంబాడా తండాల్లో ఎన్నో ఇళ్ళలో ఉన్న పేరు. తమన్ సంగీతం. 2021 సెప్టెంబరులో వచ్చిన మొదటి పాట దర్శనం మొగులయ్య కిన్నెరతో, ఆయన గొంతుతో మొదలవుతుంది. పన్నెండు మెట్ల కిన్నెరంటే వెదురు బొంగుకు సొరబుర్రలు కట్టి, మెట్లను తేనెమైనంతో అతికించి చేసే వాద్యం. కొట్లో దొరకదు, చేసేవాళ్ళూ అరుదు. ఆ తీగ మోగగానే ఒళ్ళు జలదరించిందని మాలో అందరం ఒప్పుకున్నాం. ఆ తర్వాత ఏమయింది? డ్రమ్ములు వచ్చిపడ్డాయి. కిన్నెర గుమ్మం దగ్గర దండం పెట్టి పక్కకు తప్పుకుంది. ఇంకో పాట ‘అడవి తల్లి మాట’లో కుమ్మరి దుర్గవ్వ గొంతు వాడారు. ఆ గొంతులో ఉన్న గరుకుతనం తెలుగు సినిమా సామాన్యంగా భరించదు. ఈసారి భరించింది, మెచ్చుకోవాలి. కానీ ఆ రెండు పాటల్లో సినిమా మాటలు రాసినది పేరున్న సినీకవి రామజోగయ్య శాస్త్రి. నంజియమ్మ దగ్గర మలయాళం వాళ్ళు పాటను తీసుకున్నారు. మనవాళ్ళు గొంతును తీసుకుని పాటను ఇచ్చారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మాకు మాత్రం అదే అసలు తేడా.

మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కట్టుబడి పనుల దగ్గర కూలికి వెళ్తున్నట్టు పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. ఆ ఫోటో కింద జాలి మాటలు రాసినవాళ్ళు చాలామంది. కిన్నెర వినే కచేరీ ఎక్కడైనా ఏర్పాటు చేద్దామని రాసినవాళ్ళు మాకు కనబడలేదు.

ఇక ‘ఆర్‌ఆర్‌ఆర్’. ‘నాటు నాటు’కు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చిన నాడు మేమూ మిఠాయి పంచుకున్నాం. ఆ పాట తాళం ఆరు మాత్రల పరుగు. గుర్రం దౌడు తీసినట్టు మూడు మూడుగా విరుగుతుంది. రాక్, పాప్ సంగీతానికి అలవాటైన నాలుగు దెబ్బల నడక కాదది. డప్పు విని పెరిగిన చెవికి ఆ నడక ఇంటిది. ఆ ఇంటి నడకను ప్రపంచం చేత ఎగిరించారు కీరవాణి, అందుకు ఆయనకు దండం. కానీ తెర మీద ఎగురుతున్న ఇద్దరిలో ఒకడు కొమురం భీము. జోడేఘాట్ కొండల గోండు బిడ్డ. గుస్సాడి ఆట, నెమలి ఈకల టోపీ, డోలు, తుడుం, పెప్రె, ప్రధానుల కికిరి, ఇంత సరంజామా ఉన్న జాతివాడు. ఆయన కాలు కదిపితే అందులో ఆ ఆట ఎక్కడో ఒకచోట తొంగిచూడాలి కదా? చూడలేదు. ‘కొమురం భీముడో’ పాట సంగతీ అంతే. సుద్దాల అశోక్ తేజ మాటలు, కాలభైరవ గొంతు గుండెను పిండేస్తాయి. పాట నడిచేది తెలంగాణ తెలుగులో. భీము అమ్మ లాలిపాడిన భాష గోండి. గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల వల్ల వెలుగు చూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. కంప్యూటర్‌లో చోటు దొరికిన భాషకు, ఆ జాతి వీరుడి మీద తీసిన మూడు గంటల సినిమా పాటల్లో ఒక పల్లవి మేర చోటు దొరక్కపోవడం మాకు నొప్పిగా ఉంది. జనానికి అర్థం కాదంటారేమో. ఇరుళ మాటలు కేరళలో ఎందరికి అర్థమయ్యాయి? అట్టపాడి బయట పిల్లలందరూ పాడుకున్నారు.

అర్థం కాకుండానే తెలుగువాళ్ళంతా పాడుకుంటున్న ఆదివాసీ మాట ఒకటి నిజానికి ఉంది. ‘రేలా’. ఎండాకాలం పసుపు గుత్తులు వేలాడేసుకునే రేల చెట్టు అందరూ చూసిందే. కోయ, గోండు పల్లెల్లో వెన్నెల రాత్రుల్లో ఆడపిల్లలు చేతులు పెనవేసుకుని ఆడేటప్పుడు పల్లవిగా వచ్చేది ఈ రేలా. ఉద్యమాల పాట దాన్ని అడవి నుంచి మైదానానికి మోసుకొచ్చింది. ఆ తర్వాత టీవీలో జానపద పాటల పోటీకి ‘రేలా రే రేలా’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఏ పాటకైనా పల్లె వాసన కావాలంటే స్టూడియోలో నలుగురు అమ్మాయిల చేత వెనక నుంచి ‘రేలా’ అనిపిస్తే సరి. ఎవరి మాట అది, ఏ రాత్రి పాడేది, ఆ ఆటలో ఎడమ కాలు ముందా కుడికాలు ముందా, ఎవరికీ పట్టదు.

ఇలాంటిది లోకంలో ముందు కూడా జరిగింది. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో ‘ఎంబూబె’ అనే పాట రికార్డు చేశాడు. జూలూ భాషలో సింహం అని. రికార్డు కంపెనీ ఆయనకిచ్చింది పది షిల్లింగులు. ఆ పాట అమెరికా చేరాక అక్కడి గాయకులు ‘ఉయింబూబె’ అన్న జూలూ మాటను సరిగా వినక ‘వీమోవే’ అని పాడారు. అర్థం లేని ఆ మాటే 1950లలో పల్లవై కూర్చుంది. 1961లో కొత్త ఇంగ్లీషు మాటలతో అదే బాణీ ప్రపంచమంతా మోగింది, 1994లో ‘లయన్ కింగ్’ బొమ్మల సినిమాలో కూడా వినబడింది. లిండా 1962లోనే పేదరికంలో పోయాడు. ఆయన కూతుళ్ళు కోర్టుకెక్కి, 2006లో రాజీ కుదిరాక గాని సొమ్ములో వాటా దక్కలేదు. పాట పోవడం కన్నా, మాట ‘వీమోవే’ కావడమే మాకు ఎక్కువ భయం. ‘రేలా’ ఇప్పుడు ఆ దారిలో సగం దూరం వెళ్ళింది.

పేరు విషయంలో తెలుగులో కూడా ఒక గొడవ జరిగింది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, అది తాను సేకరించి టీవీ పోటీలో పాడిన పాట అని ఒక జానపద గాయని ముందుకొచ్చింది. పాత పల్లవి పట్టుకుని కొత్త చరణాలు అల్లడం తప్పా, ఊరి పాటకు సొంతదారు ఎవరు, సేకరించినవాళ్ళకు హక్కుందా, ఇలా వారాల తరబడి చర్చ నడిచింది. ఎవరి పక్షమూ తీసుకోకుండా ఒక్క మాట అంటాం. ‘జానపదం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం కన్నా, ఏ ఊరి పాట, ఎవరి నోట విన్నాం అని రెండు వరుసలు రాయడానికి యూట్యూబ్‌లో చోటు కరువు కాదు. నిర్మాత పేరు, ఆయన కొడుకు పేరు, పోస్టర్ వేసినవారి పేరు అన్నీ ఉంటాయి అక్కడ.

పాట పాడినది మంగ్లీ. అసలు పేరు సత్యవతి రాథోడ్. అనంతపురం జిల్లా బసినేపల్లి తండా పిల్ల. తిరుపతిలో కర్ణాటక సంగీతం చదువుకుంది. ఆమె గొంతులో రెండు పాఠశాలలూ వినబడతాయి. గమకం తెలుసు, కానీ గమకాన్ని సానబట్టదు. ఆమె బంజారా భాషలో కూడా పాటలు విడుదల చేసింది. సినిమా పాటలకు వచ్చిన కోట్ల వీక్షణల పక్కన ఆ అంకెలు చిన్నవే కావచ్చు. తండాల్లో సేవాలాల్ జయంతి నాడు మోగేవి ఆ పాటలు. మేము ఆమె సినిమా పాటల కన్నా వాటినే ఎక్కువసార్లు విన్నాం. అక్కడ ఆమె ఎవరినీ మెప్పించే పనిలో లేదని గొంతే చెబుతుంది.

2025లో ఊరూరా మోగిన మరో పాట ‘రాను బొంబాయికి రాను’. రాము రాథోడ్ అనే లంబాడా కుర్రాడి పాట. సినిమా లేదు, హీరో లేడు. పెళ్ళి బరాతుల్లో డీజే బండ్ల మీద దానికి ఎగరనివాళ్ళు లేరు. రమ్మని ఆశపెట్టే మగవాడు, రానని తెగేసి చెప్పే ఆడమనిషి. మళ్ళీ అదే సంవాదం. వాడపల్లి కొట్ల దగ్గర ఇది వింటూ ఎగిరే పిల్లలకు బొంబాయి అంటే సినిమా ఊరు. పాలమూరు తండాల్లో బొంబాయి అంటే తట్ట, పార, గుడిసె, ఊళ్ళో మిగిలిపోయిన ముసలివాళ్ళు. తరాలుగా వలసపోయిన జిల్లాలో ఒక ఆడమనిషి ‘రాను’ అంటే అది ఊరికే బెట్టు కాదు. ఆ బరువు పాటలో ఉంది, తాళం దాన్ని దాచేసింది. ఈ పాటను తక్కువ చేసి మాట్లాడే పెద్దలతో మేము ఏకీభవించం. అదే సమయంలో ఒకటి అడగాలనిపిస్తుంది. ఆ పిల్ల ‘రాను’ అనే మాటను గోర్‌బోలిలో అని ఉంటే ఎలా ఉండేది?

ఇంతవరకు సినిమావాళ్ళనూ మైదానంవాళ్ళనూ అన్నాం. మనవాళ్ళను అనకపోతే ఈ విమర్శ సగమే. అరకు, పాడేరు వైపు కుర్రాళ్ళు ఆదివాసీ ఒడియాలో, కువిలో వారానికో పాట పెడుతున్నారు. భాష దక్కింది, సంతోషం. చప్పుడు పోయింది. థింసాకు మోరి ఊదేవాడు బుగ్గలు నింపుకుని ఒక పొడుగు ఊపిరి లాగుతాడు. ఆ ఊపిరి తెగే చోట ఆడేవాళ్ళ వరుస మలుపు తిరుగుతుంది. ఊపిరికీ అడుగుకూ లంకె అది. ఇప్పుడు మోరి బదులు కీబోర్డులో షెహనాయి మీట. దానికి ఊపిరి లేదు, కాబట్టి తెగదు. ఆడేవాళ్ళు ఎక్కడ తిరగాలో తెలియక సినిమా అడుగులు వేస్తున్నారు. తుడుం, కిరిడి, డప్పు మూడూ ఒక్క మీటలోనే ఉన్నాయి. దాని మీద గొంతును యంత్రంతో సాపు చేస్తే, కువి పాట కూడా భోజ్‌పురి పాటలా వినబడుతోంది. సినిమాలో డోలు వచ్చి మాట రాలేదు. మన ఫోన్లలో మాట వచ్చి డోలు పోయింది.

రెండూ ఒకచోట ఉండడం సాధ్యమేనని చూపించినవాళ్ళు ఉన్నారు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉండే యోల్ఙు ఆదివాసులు, కొందరు తెల్లవాళ్ళతో కలిసి ‘యోతు యిందీ’ అని రాక్ బృందం పెట్టుకున్నారు. ఎలక్ట్రిక్ గిటారు పక్కన చెట్టు బోదెతో చేసిన యిదాకి, కర్రతాళాలు. 1991లో వాళ్ళ ‘ట్రీటీ’ పాట సగం ఇంగ్లీషు, సగం వాళ్ళ భాష. ఆదివాసులతో ఒప్పందం చేసుకుంటామని 1988లో ప్రధాని ఇచ్చిన మాట ఏమైందని అడిగే పాట అది. డాన్స్ క్లబ్బుల కోసం చేసిన రీమిక్స్ వల్లే దేశమంతా తిరిగింది. అంటే రీమిక్స్ మనకు శత్రువు కాదు. గిటారూ శత్రువు కాదు. అసలు రాక్ సంగీతమే నల్లవాళ్ళ బ్లూస్ నుంచి పుట్టినది, పత్తి చేలల్లో బానిసల బిడ్డలు పాడుకున్న పాట నుంచి. అది మా ఇంటికి వస్తే పరాయిది వచ్చిందని మేము అనుకోం. వచ్చి ఏ మాట మాట్లాడుతుందన్నదే చూస్తాం.

మొగులయ్యతో పాటే 2022లో పద్మశ్రీ అందుకున్న మరొకరు సకినె రామచంద్రయ్య. మణుగూరు దగ్గర కూనవరం. కోయ డోలి కళాకారుడు. కంచుమేళం, కంచుతాళం వాయిస్తూ సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. గుడ్డ మీద బొమ్మలు గీసిన పడిగెలో కోయ గట్ల వంశాల చరిత్ర ఉంటే, అది చదివి పాడే నోరు డోలివాళ్ళది. 2024లో ఆయన పోయారు. మేము వాడపల్లిలో విన్న పాటల జాబితాలో ఆయన గొంతు లేదు, ఆయన వాయించిన డోలి నడక ఏ హిట్ పాటలోనూ మా చెవికి తగల్లేదు. ఒకవైపు బాధగానే ఉంది. ఇంకోవైపు, ఇంకా ఎవరూ ముక్కలుగా కోయని నడక ఒకటి మిగిలి ఉందన్న ధైర్యం కూడా ఉంది.

మాలో ఒకరి ఊరివాళ్ళను గోదావరి గట్టు నుంచి లేపి కాలనీలో పెట్టారు. అక్కడి కుర్రాళ్ళు నలుగురు కలిసి భూమి పండుగ పాటను రికార్డు చేసి మాకు పంపారు. రెండు రకాలుగా చేశారు. ఒకదానిలో కీబోర్డు, బేస్ గిటారు, కింద డీజే దెబ్బ. రెండోదానిలో రెండు డోళ్ళు, ఒక గిటారు, ముగ్గురు ఆడవాళ్ళ గొంతులు, వెనక ఎవరిదో కోడి. మొదటిదానికి బరాతులో బాగా ఎగరవచ్చు. రెండోదానిలో గిటారు కుర్రాడు డోలు కన్నా ముందు పరిగెత్తుతున్నాడు, రెండో చరణంలో గొంతులు విడిపోయాయి, చివర మరీ సాగదీశారు. మాకు రెండోదే నచ్చింది. గిటారును కాస్త ఆపి డోలు వెనక నడవమని, కోడిని మాత్రం తీసేయొద్దని రాశాం. వీడియో కింద డోలు కొట్టిన ఇద్దరి పేర్లు, పాట చెప్పిన అవ్వ పేరు, మునిగిన ఊరి పేరు పెట్టమని కూడా రాశాం. అవ్వ తన పేరు వద్దందట, ఊరి పేరు ముందు పెట్టమందట.